వాయిదా పడ్డ ప్రళయం

"నేను కట్టిన లోకం. గోడలు నావి, గాలి నాది, అందులో బతికి బయటపడ్డవాళ్ళకి పేర్లు పెట్టింది నేను. అలాంటి లోకంలోకి ఈ ఆదివారం నుంచి నన్ను రావద్దన్నారు. అన్నదెవరు, పరాయివాళ్ళా? నా కడుపున పుట్టిన పిల్లలు."

లిఫ్టాయన టీ గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టాడు. లిఫ్టులు తనిఖీ చేసి, బాగున్నాయని సంతకం పెట్టడం అతని ఉద్యోగం. ఆ సందులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. భోజనాల వేళ దాటిపోయింది, టీ కొట్టులో వినడానికి ముగ్గురే ఉన్నారు: కొట్టు యజమాని, బస్సులు నడిపి రిటైరైన పెద్దాయన, పక్క షాపులో బట్టలు కుట్టే అక్క. అక్క ఒళ్ళో ఎవరిదో ప్యాంటు ఉంది. తలొంచుకుని అంచు కుట్లు విప్పుతోంది.

"ఏ లోకం అబ్బాయ్?" అన్నాడు పెద్దాయన.

"పిల్లల ఆట బాబాయ్. బంతి ఉండదు, బ్యాటుండదు. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు ఒక లోకాన్ని చెబుతాడు, మిగతావాళ్ళు ఆ లోకంలో తలా ఒక మనిషిని పుస్తకంలో రాసుకుని, ఆ మనిషి అవుతారు. తలుపు తీస్తాను, పరిగెత్తుతాను, వాణ్ణి కొడతాను, ఏదైనా నోటితో చెప్పడమే. అది జరిగిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. ఇరవై ముఖాల పాచిక. ఇరవై పడితే నీ పంట పండింది, ఒకటి పడితే నీ పని అయిపోయింది. మా పెద్దది, మా చిన్నోడు, ఈ అక్క వాళ్ళమ్మాయి, ముగ్గురు ఆడతారు. లోకం చెప్పేది నేను. అడగండి, అక్క ఇక్కడే ఉంది, వాళ్ళమ్మాయిని అడిగి తెలుసుకోమనండి."

"అడిగాను," అంది అక్క, తలెత్తకుండా.

"అదీ. సాక్ష్యం ఉంది. నాకు గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు, జరిగింది జరిగినట్టు చెబుతాను. ఏడు వారాల కిందట, ఆదివారం, ఒకటే వాన. పిల్లలిద్దరూ ఇంట్లో కొట్టుకు చస్తున్నారు. ఊరు కాని ఊరు, నానమ్మ లేదు, అమ్మమ్మ లేదు, కూర్చోబెట్టి కథ చెప్పే దిక్కు లేదు. సరే మనమే ఏదో చెబుదాం అనుకున్నాను. అంతే నేను చేసింది. ఒక్క ప్రశ్న వేసుకున్నాను. లోకం అంతమైపోయింది, సరే, మర్నాడు పొద్దున్న మిగిలినవాళ్ళు మేడ మీంచి కిందికెలా దిగుతారు? ఇంకెవడైనా అయితే తిండెలా, తుపాకులెలా అని ఆలోచిస్తాడు. లిఫ్టు సంగతి ఎవడికీ తట్టదు. అక్కడే కొట్టాను నేను. భూమి మీదంతా విషపు పొగ. పన్నెండో అంతస్తు దాకా పొగే. ఊరు మొత్తంలో ఒక్క భవనం మిగిలింది, ఎనభై అంతస్తులు..."

"మొన్న అరవై అన్నావు," అన్నాడు కొట్టాయన.

"ఈలోగా కట్టాను. నా లోకం, నా ఇటుకలు, నీకేం నొప్పి? ఎనభయ్యో అంతస్తులో మిగిలిన జనం. మందులేమో కింద, నేల మీద. దిగాలంటే ఒకటే దారి, ఒకటే లిఫ్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పటం గీయడం మొదలుపెట్టాను. అక్క దగ్గర బట్టలు కత్తిరించే ముందు గీసుకునే ఖాకీ కాగితం ఉంటుందే, ఒక చుట్ట తీసుకెళ్ళాను. ఇరవై అంతస్తులకే అయిపోయింది. ఇంకో చుట్ట. వంటింట్లో మొదలైన పటం హాల్లోకి వచ్చింది, హాల్లోంచి గుమ్మం దాటింది, గుమ్మం దాటి వరండా పొడుగునా పోయి ఎదురింటివాళ్ళ చెప్పుల దగ్గర ఆగింది. పార్సిల్ ఇవ్వడానికొచ్చిన మనిషి చూసుకోకుండా దాని మీద కాలేశాడు. అంతే, కనపడలేదు. రెండు గంటలు వెతికాం. చివరికి పటంలో యాభై రెండో అంతస్తు దగ్గర తేలాడు, పార్సిల్ పట్టుకుని, సంతకం ఎవరు పెడతారండీ అంటూ."

పెద్దాయన నవ్వాపుకుంటూ, "యాభై రెండులో ఎవరుంటారేం?" అన్నాడు.

"ఎవరూ ఉండరు. అందుకే ఏడ్చాడు పాపం. సరే, పటం అయింది, ఇక చెప్పడం మొదలుపెట్టాను. పొగ గురించి చెప్పాను. రంగు చెప్పాను, వాసన చెప్పాను, ముక్కులోకి ఎలా పోతుందో చెప్పాను. పై ఇంటివాళ్ళు కిటికీలు మూసేశారు. కింద ఇంటివాళ్ళు తడిబట్టలు ముక్కుకి కట్టుకున్నారు. సాయంత్రానికి వీధి వీధంతా దగ్గు. మూలమీది డాక్టరు దగ్గర వరస కట్టారు జనం. ఆయన ఒక్కొక్కడి గుండె మీద గొట్టం పెట్టి, నీకు రోగం లేదయ్యా, లిఫ్టాయన కథ విన్నావు, ఇకమీద తలుపేసుకుని పడుకో అని చీటీ రాసిచ్చాడు."

"నేను ఆ వీధిలోనే ఉంటాను," అన్నాడు కొట్టాయన. "నాకు దగ్గు రాలేదు."

"నువ్వు రోజంతా పొయ్యి దగ్గర నిలబడతావు, నీకు పొగ అలవాటు. అడ్డు రాకు. ఇప్పుడు అసలు సంగతి. నేల మీద ఏముంది? ఒక జంతువు. లిఫ్టు తాళ్ళకి రాసే గ్రీజు తిని బతుకుతుంది. కళ్ళు లేవు, చెవులు మాత్రం తలుపులంత. పైన ఎవడైనా గంట నొక్కితే కింద దానికి ఆకలేస్తుంది. ఎలా అరుస్తుందో పిల్లలకి తెలియాలి కదా, ఒక్కసారి, ఒక్కసారే, నెమ్మదిగా అరిచి చూపించాను. ఆ దెబ్బకి మన పేటలో కుక్కలన్నీ పక్క ఊరికి వెళ్ళిపోయాయి. పోలీసు కుక్క ఒకటుండేది కదా, చేసింది చాలనుకుని ఉద్యోగం మానేసింది."

"కుక్కా?"

"కుక్కే బాబాయ్. స్టేషన్ గుమ్మంలో బెల్టు విప్పి పెట్టి మరీ వెళ్ళింది. ఇంతటితో ఆగిందా? లేదు. శాస్త్రవేత్తల నుంచి ఫోను. ఆకాశాన్ని చూస్తూ కూర్చుంటారే, వాళ్ళు. అయ్యా, మీ లోకం మాకంటే వివరంగా ఉంది, ఇంతకీ అంతమయ్యేది ఏ రోజు, మా లెక్క తేలడం లేదు, మీరే తేదీ చెప్పండి అన్నారు. నేనేదో పనిలో ఉండి మంగళవారం అన్నాను. వాళ్ళు రాసుకున్నారు. సెలవులు రద్దు చేసుకున్నారు. పెట్టేశాక గుర్తొచ్చింది, బుధవారం మా పెద్దదానికి లెక్కల పరీక్ష. మూడు నెలలుగా చదువుతోంది పిల్ల. మళ్ళీ ఫోను చేశాను. కుదరదండీ, పరీక్షలయ్యాక చూద్దాం అన్నాను. వాయిదా వేశారు."

పెద్దాయన గ్లాసు కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే ఇవాళ మనం ఇక్కడ టీ తాగుతున్నామంటే మీ పెద్దదాని లెక్కల పరీక్ష పుణ్యం అన్నమాట."

"అన్నమాట కాదు, ఉన్నమాట. నేనడిగానా, నాకు దండ వెయ్యండని? ఎవణ్ణీ ఏమీ అడగలేదు. ఇంత చేసిన మనిషిని, మొన్న ఆదివారం ఏమన్నారో తెలుసా?" లిఫ్టాయన గొంతు మారింది. ఇంతసేపూ గాల్లో ఆడిన చేతులు బల్లమీదికి వచ్చాయి. "దిగుతున్నాం. ముప్పయ్యో అంతస్తు దాటాం. జంతువు తాడు కొరికింది. చిన్నోడు పాచిక వేశాడు, ఒకటి పడింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. పడిపోతున్నాం, పడిపోతున్నాం అని గంతులు. నేనన్నాను, ఆగండి, లిఫ్టు పడదు. తాడు ఒకటి కాదు, ఏడుంటాయి. ఒక్కటి మిగిలినా మోస్తుంది. సరే, ఏడూ తెగాయే అనుకో, అడుగున రెండు పక్కలా బ్రేకులుంటాయి, వేగం మించిందంటే పట్టాలని కరిచి పట్టుకుంటాయి. అదీ తప్పిందంటే గుంతలో స్ప్రింగులుంటాయి. పద్దెనిమిదేళ్ళు, నేను సంతకం పెట్టిన లిఫ్టు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, జానెడు జారలేదు. పిల్లల ఆట కదా అని నా నోటితో లిఫ్టు పడిందని చెప్పమంటారా? రేపు స్కూల్లో వీళ్ళు పదిమందికి చెబుతారు, ఆ పదిమందీ ఇంటికెళ్ళి వాళ్ళ అమ్మలకి చెబుతారు. ముసలివాళ్ళు మెట్లెక్కి మోకాళ్ళు అరగదీసుకుంటారు. దానికి ఎవడు జవాబుదారీ?"

"అదీ నిజమే," అన్నాడు పెద్దాయన, ఈసారి నవ్వకుండా.

"నిజం చెప్పినందుకు నాకు శిక్ష. మా పెద్దది పుస్తకం మూసింది. నాన్నా, వచ్చే ఆదివారం నుంచి బట్టలు కుట్టే అత్త వాళ్ళింట్లో ఆడతాం, నువ్వు రావద్దు అంది. పదమూడేళ్ళ పిల్ల. అరిచిందా అంటే అదీ లేదు, బ్యాంకులో కౌంటర్ మూసేసినట్టు మూసేసింది. చిన్నోడు నా వైపు చూస్తాడేమో అని చూశాను. వాడు పాచికలు సంచీలో వేసుకుంటున్నాడు. ఇన్ని అంతస్తులు కట్టి, ఇంత పొగ పెట్టి, ఆ జంతువుని కన్నబిడ్డలా సాకిన మనిషిని నేను. ఆదివారం మధ్యాహ్నం ఆ రెండు గంటలే కదా వాళ్ళు నా దగ్గర కూర్చునేది. మిగతా వారమంతా ఫోన్లూ, స్నేహితులూ, మూసిన తలుపులూ. ఆ రెండు గంటలూ లాక్కుంటారా? ఇదేం న్యాయం? చెప్పండి, ఎవరైనా చెప్పండి. అక్కా, నువ్వు చెప్పు. మీ అమ్మాయి కూడా ఉంది కదా."

అక్క సూది బట్టలో గుచ్చి పక్కన పెట్టింది.

"చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా తమ్ముడూ. ముప్పయ్యో అంతస్తు దాటారన్నావు. మా పిల్ల దాటలేదంది."

"పోనీ, ముప్పై అయిదు."

"ఎనభై. ఏడు ఆదివారాలుగా ఎనభయ్యో అంతస్తులోనే ఉన్నారట ముగ్గురూ. లిఫ్టు తలుపు ముందు నిలబడి."

కొట్టాయన పొయ్యి తగ్గించాడు.

"మొదటి వారం తలుపు తనిఖీ," అంది అక్క. "రెండో వారం తాళ్ళు. మూడో వారం ఎంతమంది ఎక్కొచ్చో బరువులు. నాలుగో వారం ముక్కుకి కట్టుకునే మాస్కులు, ఎవరి కొలత వాళ్ళకి. అయిదో వారం చిన్నోడి మనిషికి జలుబు చేసిందని ప్రయాణం ఆపావట. ఆ తర్వాత రెండు వారాలూ బ్రేకులు. జంతువు ఉందని వాళ్ళు నమ్ముతున్నారు పాపం, అరుపు విన్నారు కదా. చూడలేదు. పొగ కూడా చూడలేదు."

"మరి తాడు కొరికింది ఎవరు?" అన్నాడు పెద్దాయన.

"మా పిల్ల. విసుగెత్తి. అప్పుడైనా ఏదో ఒకటి జరుగుతుందని."

పెద్దాయన ముఖం తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. లిఫ్టాయన ఎవరి వైపూ చూడలేదు. గ్లాసు కిందున్న తడి మరకని వేలితో సాగదీశాడు.

"జాగ్రత్త పడితే తప్పా?" అన్నాడు.

"తప్పని ఎవరన్నారు? కానీ అది కథ తమ్ముడూ. అందులో పడితే దెబ్బ తగలదు. ఇంకో మనిషిని రాసుకుని మళ్ళీ ఆడతారు."

"నాకు తెలీదా అక్కా. నాకు తెలీదా." గ్లాసు పక్కకి జరిపి అన్నాడు, ఈసారి కోపం లేదు, పొద్దుటి నుంచీ మోసిన బరువు దించుకున్నట్టు. "పొగ గురించి చెప్పగలను. లోకమంతా పోయిందని చెప్పగలను. చిన్నోడు ఎదురుగా కూర్చుని నా నోట్లోకి చూస్తుంటాడు. వాడు పడ్డాడని నా నోటితో నేనెలా చెప్పను? వాళ్ళు స్కూలుకి రోడ్డు దాటుతుంటే నేను మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తాను, అటు చేరేదాకా. ఇక్కడ మనకెవరున్నారు?"

కొట్టాయన అడక్కుండానే అతని గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు.

"ఈ ఆదివారం లోకం చెప్పేదెవరు?" అన్నాడు లిఫ్టాయన.

"మా పిల్ల. అదే ఎనభై అంతస్తులు, అదే పొగ. మా నాన్న కట్టినది బాగుంది, మార్చొద్దు అందట మీ పెద్దది. ఈసారి మాత్రం లిఫ్టు దిగుతుంది."

"ముందెవరు ఎక్కుతారు?"

"మీ చిన్నోడు."

"వాడా?" లిఫ్టాయన సగం లేచాడు. "వాడికి చీకటంటే భయం అక్కా. స్నానానికి వెళ్తే తలుపు వెయ్యడు."

"ఆ సంగతి వాడే చెప్పాడట అందరికీ. అందుకే ముందు నేను ఎక్కుతానన్నాడట."

లిఫ్టాయన మళ్ళీ కూర్చున్నాడు. టీ తాగాడు.

"నిన్ను అసలు రావద్దనలేదు," అంది అక్క. "లోకం చెప్పడానికి రావద్దన్నారు. కావాలంటే నువ్వూ ఒక మనిషిని రాసుకుని రావచ్చు. అందరిలాగే పాచిక వెయ్యాలి. ఎంత పడితే అంతే. మళ్ళీ వేస్తాననకూడదు. పెద్దది నీకు చెప్పమంది, నువ్వు దాని మీద అలిగి కూర్చున్నావట."

"నేనా? అలగడమా? నేను లేకపోతే వాళ్ళకి..." వాక్యం మధ్యలో ఆగాడు. జేబులోంచి తనిఖీ పుస్తకం తీశాడు, వెనక ఖాళీ పేజీ చూసుకున్నాడు, పెన్ను మూత పళ్ళతో లాగాడు. కాసేపు రాశాడు. రాస్తున్నకొద్దీ వీపు నిటారుగా అయింది.

"సరే. వస్తాను. భయపడి వస్తున్నాననుకోవద్దు. నా మనిషి చాలా బలవంతుడు, ఒక్క చేత్తో ఏడు తాళ్ళూ పట్టుకోగలడు, ఇదివరకు పట్టుకున్నాడు కూడా, ఆ కథ ఇంకోసారి చెబుతాను. కానీ వాళ్ళతో లిఫ్టులో మాత్రం ఎక్కడు. పన్నెండేళ్ళ పిల్ల నడిపే లిఫ్టు, దానికి తనిఖీ లేదు, సంతకం లేదు. వాళ్ళు లిఫ్టులో దిగితే నా మనిషి పక్కనే మెట్లమీంచి దిగుతాడు. ప్రతి అంతస్తులోనూ వాళ్ళకంటే ముందు చేరుకుని కింద నిలబడతాడు."

అక్క ప్యాంటు మడత పెట్టి చంకలో పెట్టుకుని లేచింది.

"మెట్లు లేవు తమ్ముడూ. నువ్వు ఇలాగే అంటావని మా పిల్ల పొద్దున్నే కూల్చేసింది."