మెట్ల మీద కరిగిన కొవ్వు

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు" అంటూ మొదలుపెట్టాడు లిఫ్టు మేస్త్రీ, టీకొట్టు బల్ల ముప్పాతిక వంతు తనే ఆక్రమించుకుని. మిగిలిన పాతికలో ఆయన బావమరిది ఒక కాలు నేలకి ఆనించి సర్దుకున్నాడు. మేస్త్రీ లిఫ్టు చూసే ఎదురు బిల్డింగు వాచ్‌మన్ పక్కనే నిలబడి టీ ఊదుకుంటున్నాడు.

"డాక్టరు నా రక్తం పరీక్ష చూసి, ఇది రక్తం కాదయ్యా, గడ్డకట్టిన వెన్న అన్నాడు. కొలెస్ట్రాల్ ఆ లెక్కన ఉందట. మా అన్నయ్య నా వయసులోనే కంచం ముందు ఒరిగిపోయాడా, అది తలుచుకుని మీ అక్క అక్కడే కళ్ళు తుడుచుకుంది. అప్పుడే అనేసుకున్నా. వేపుళ్ళు బంద్, సిగరెట్టు బంద్, లిఫ్టు బంద్. బాగుచేసేవాణ్ణి నేనే, అయినా సరే ఎక్కను. సామాన్ల సంచి భుజానేసుకుని మెట్లే."

మంచి పని చేశావన్నాడు బావమరిది.

"ముందు విను. మొదట్లో కాస్త ఆయాసం వచ్చిందనుకో, తర్వాత కాళ్ళకి రుచి తెలిసింది. ఓ రోజు లిఫ్టూ నేనూ కిందనుంచి ఒకేసారి బయల్దేరాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది పైకొచ్చేలోపు నేను మోటారుకి నూనె పెట్టి, చేతులు కడుక్కుని, ఎదురెళ్ళి తలుపు తీశా. లోపలున్న పెద్దాయనకి సిగ్గేసి మెట్ల మీదే కిందికి దిగిపోయాడు."

"ఆయన కర్ర లేందే నడవలేడుగా" అన్నాడు టీకొట్టాయన.

"ఆ కర్ర నా చేతికిచ్చే దిగాడు. ఇంకొన్నాళ్ళకి నా కొవ్వంతా చెమటై కారి మెట్లు జిడ్డెక్కాయి, జనం నడవడం మానేసి జారుకుంటూ దిగేవాళ్ళు. ఆ జిడ్డు గీకి లిఫ్టు తీగలకి పూశాం, ఓనరుకి ఏడాది గ్రీజు ఖర్చు మిగిలింది. మళ్ళీ రక్తం తీయించానా, సూది గుచ్చిందే ఆలస్యం, గలగలా పారుతూ వచ్చి సీసా నింపేసి పక్క సీసా కోసం చూసింది. డాక్టరు నా గుండె వింటూ వింటూ, ఇంత కుదురైన చప్పుడు ఎక్కడా వినలేదంటూ అలాగే నిద్రపోయాడు. బయట కూర్చున్న రోగుల్ని నేనే చూసి పంపించా. అందరికీ ఒకటే మందు, మెట్లు."

బావమరిది నవ్వలేదు. అక్క రోజూ ఫోన్ చేసి అడుగుతోందన్నాడు. "నిజం చెప్పు బావా. అప్పట్నించి లిఫ్టెక్కలేదా?"

"కాలు పెడితే ఒట్టు."

వాచ్‌మన్ గ్లాసు కింద పెట్టాడు. "మరి మొన్న ఏడో అంతస్తు దగ్గర లిఫ్టు ఆగిపోతే, తలుపు విడదీసి నేను బయటికి లాగింది ఎవర్ని మేస్త్రీ?"

"అది తనిఖీ."

"చేతిలో చిప్సు పొట్లం?"

మేస్త్రీ టీ గుటక వేశాడు. అది లిఫ్టు ఎంత బరువు మోస్తుందో చూడ్డానికి అన్నాడు.

"నువ్వు అందులో ఇరుక్కున్నప్పుడల్లా పైదాకా మెట్లెక్కేది నేనేగా" అన్నాడు వాచ్‌మన్ తాపీగా. "నిన్న నేనూ రక్తం చూపించుకున్నా. కొలెస్ట్రాల్ బాగా తగ్గిందట. ఏం చేశావయ్యా అని డాక్టరు అడిగితే, మా మేస్త్రీ లిఫ్టెక్కుతున్నాడండీ అని చెప్పా."