అమ్మ పన్ను

అలా నవ్వుతూ చూడకే చెల్లీ, నాకు ఒళ్ళు మండుతుంది. ఇంటెడు చాకిరీ నా నెత్తిన పడేసి, నువ్వేమో హాయిగా వెళ్ళి ఫొటోలో కూర్చున్నావు. పైగా ఆ నవ్వొకటి! పళ్ళన్నీ కనపడేలా!

ఇదిగో, చూడు. ఈ దూదిలో ఉన్నది నీ కూతురి పన్ను. ఇవాళే తీయించుకొచ్చాను.

మెల్లిగానే మాట్లాడుతున్నాలే. ఇదిగో, ఇక్కడే నీ ఎదురుగా మంచం మీద పడుకుంది మన పిచ్చుక. మందు ప్రభావానికి సగం పెదవి మొద్దుబారిపోయింది. నిద్రలో తెలీక కొరికేసుకుంటుందట, కనిపెట్టుకుని ఉండమంది డాక్టరమ్మ. అందుకే దాని గడ్డం దగ్గర వేలు పెట్టుకుని కూర్చుని, నీతో గొడవ పడుతున్నాను.

మరింకెవరితో పడను? నలుగురిలో నోరు పెగలని మనిషిని. నీకు తెలీనిదా?

ఏ పన్ను అంటావా? అదే చెప్పబోతున్నాను. చెప్పడానికే నోరు రావడం లేదు.

నువ్వు పోయాక ఇది బ్రష్షు చూస్తే చాలు, దవడలు బిగించేసేది. వాళ్ళ నాన్న బతిమాలాడు, అలిగాడు, మళ్ళీ బతిమాలాడు. పక్కింటి దర్జీ ఆవిడ ఉందిగా, ఆవిడొచ్చి సాయం చేసింది. ఏమని? "తోముకోకపోతే పళ్ళ డాక్టరొచ్చి ఇంత పొడుగు సూదితో పొడుస్తాడు" అని. ఆవిడ సాయం అలాగే ఉంటుంది! దాంతో పళ్ళు తోముకోవడం అయితే రాలేదు గానీ, డాక్టరంటే భయం మాత్రం మేకు దిగినట్టు దిగింది.

నేనేమన్నా చదువుకున్నదాన్నా చెప్పు? ఇస్త్రీ కొట్లో చొక్కాలు మడతపెట్టే చేతులు నావి. నాకు తోచింది నేను చేశాను. పళ్ళకి మనవాళ్ళ పేర్లు పెట్టాను.

"ఇదిగో, ముందున్న వెడల్పుది నాన్న. పనినుంచి వచ్చాడు, స్నానం చేయించాలా వద్దా? ఆ పక్కది తాతయ్య, కదలడు మెదలడు, బాగా రుద్దాలి. ఈ వంకరది పెద్దమ్మ."

ఎంత నవ్విందనుకున్నావ్! "పెద్దమ్మ వంకర, పెద్దమ్మ వంకర" అని ఇల్లంతా గెంతులే గెంతులు. నువ్వు పోయాక ఈ ఇంట్లో వినపడ్డ మొదటి నవ్వే అది.

గెంతడం ఆపేసి అడిగింది. "మరి అమ్మేదీ?"

ఏం చెయ్యనే? కింద వరసలో, లోపల ఎక్కడో ఉన్న దవడ పన్ను మీద వేలుపెట్టి "ఇదిగో, ఇదీ అమ్మ" అన్నాను. "బయటికి కనపడదు, కానీ ఉంటుంది" అన్నాను. ఎంత మంచి మాట అన్నానో అని నాలో నేనే మురిసిపోయాను కూడా.

ఆ రోజునుంచీ పొద్దున్నా రాత్రీ అందరికీ స్నానాలు. నేనే తోమేదాన్ని. ఈ వయసు పిల్లలకి చెయ్యి సరిగ్గా తిరగదు కదా, పెద్దవాళ్ళే తోమాలి. నోరు బాగానే తెరిచేది. తీరా నీ దగ్గరికొచ్చేసరికి బ్రష్షు నా చేతిలోంచి లాక్కునేది. "అమ్మకి నేను" అనేది. గోడవైపు తిరిగి, మోచెయ్యి ఆడిస్తూ ఏదో చేసుకునేది.

తల్లీకూతుళ్ళ మధ్యలో నేనెందుకులే అనుకున్నాను. అనుకోనా మరి? నువ్వయినా అనుకునేదానివే.

తర్వాత్తర్వాత ఒకవైపే నమలడం మొదలెట్టింది. "ఏమైందే?" అంటే "ఏం లేదు". బుగ్గమీద చెయ్యి మాత్రం తియ్యదు. ఒకరోజు పొద్దున్న లేచేసరికి బుగ్గ బంతిలా ఉబ్బి ఉంది.

మీ ఆయన పరుగు మీద తీసుకెళ్ళాడు, నేనూ వెనకే వెళ్ళాను. దారిపొడుగునా ఆయనది ఒకటే పాట. "ఏం చెయ్యరమ్మా, ఊరికే చూస్తారంతే. నొప్పే ఉండదు. అయ్యాక బొమ్మ కొంటాగా." కుర్చీ వెనక్కి వాలింది, దీపం మొహం మీదికొచ్చింది, దీని నోరు మూతపడింది. డాక్టరమ్మ బుజ్జగించి వేలు పెట్టిందో లేదో, కసుక్కున కొరికింది!

మీ ఆయన నేలకేసి చూశాడు. నేను తలుపు చాటుకి పోయాను. నీకు ఈ సంబంధం కుదిరినప్పుడే తెలుసుగా, నలుగురిలో ఆయనా నాలాంటివాడే.

డాక్టరమ్మ తిట్టలేదు పాపం. వేలు చూసుకుంటూ "మిగతా పళ్ళు గట్టిగానే ఉన్నాయి" అంది. వాపు తగ్గడానికి మందు రాసిచ్చి, నన్ను పిలిచి కూర్చోబెట్టింది. ఆ పన్ను పూర్తిగా పుచ్చిపోయింది, తియ్యక తప్పదంది. ఈలోగా ఇంట్లో ఆడించమంది. ఒళ్ళో పడుకోబెట్టుకుని, చెంచా వెనక్కి తిప్పి, పళ్ళు లెక్కపెట్టమంది. పాప బొమ్మకి డాక్టరుగా ఆడాలి, మీరు పాపకి డాక్టరుగా ఆడాలి అంది. "నొప్పుండదని మాత్రం చెప్పకండమ్మా. చీమ కుట్టినట్టు ఉంటుందని చెప్పండి. చెయ్యెత్తితే ఆపుతాం అని చెప్పండి. ఒకసారి అబద్ధం చెబితే ఇక మనల్ని నమ్మరు" అంది.

అన్నిటికీ తలూపి వచ్చాను. అలాగే ఆడాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆడాను! బొమ్మకి దూది పెట్టింది, కట్టు కట్టింది, "చెయ్యెత్తు, ఆపుతా" అని దాన్ని గదమాయించింది. భలే డాక్టరులే నీ కూతురు. ఇక నా వంతు. ఒళ్ళో పడుకుంది. చెంచా నాన్న దగ్గరనుంచి తాతయ్య దగ్గరికి, అక్కణ్ణుంచి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది. నీ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టేసుకుంది.

"అమ్మని ముట్టుకోకు. అమ్మకి నొప్పి."

ఆ మాట ఎవరిదో తెలుసా? నాదే! గొంతుతో సహా నాదే.

నీకు గుర్తుండదులే, అప్పటికే నువ్వు సగం స్పృహలో ఉన్నావు. నోరంతా పుండ్లు పడితే నేను తడిదూదితో నీ పళ్ళు తుడుస్తున్నాను. నువ్వు "అబ్బా" అన్నావు. ఇది గుమ్మం దగ్గరనుంచి పరుగెత్తుకొచ్చి నీ మీద పడబోయింది. చెయ్యి అడ్డం పెట్టి నేనే అన్నాను. "అమ్మని ముట్టుకోకు. అమ్మకి నొప్పి."

ఇది ఆ మాట మర్చిపోలేదే. నీ పన్నుని ఒక్కనాడూ ముట్టుకోలేదు. గోడవైపు తిరిగి, బ్రష్షు గాలిలో ఆడించి, పుక్కిలించి ఉమ్మేసేది. నీకు నొప్పి పుట్టకూడదని. అది లోలోపలే పుచ్చి, తన ప్రాణం తోడేస్తున్నా నోరు విప్పలేదు, నిన్ను ఎవరైనా ముట్టుకుంటారని.

"అది పీకేస్తే అమ్మ మళ్ళీ పోతుందిగా" అంది.

ఇప్పుడు చెప్పు. ఏం చెప్పాలో నువ్వే చెప్పు! నవ్వుతావేం?

చెంచా కడిగి పెట్టేశాను. "వేరే పేరు పెట్టుకుందామే" అంటే వినలేదు. పేరు మారిస్తే మాత్రం అమ్మ మారిపోతుందా అంది. నీ నోరే దానికీ వచ్చింది.

ఇవాళ మళ్ళీ తీసుకెళ్ళాను. గుమ్మందాకా వచ్చింది గానీ కుర్చీ ఎక్కదు. నా కాళ్ళు చుట్టేసుకుంది. నేను సిగ్గు చంపుకుని, డాక్టరమ్మ చెవిలో ఈ కథంతా గొణిగాను. ఆవిడ వంగి పిచ్చుక మొహంలోకి చూసింది. తర్వాత "అయితే ముందు పెద్దమ్మ ఎక్కాలి" అంది.

నేను! నవ్వొస్తేనే చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. అంత దీపం కింద, అందరి ముందూ నోరు బార్లా తెరుచుకుని పడుకున్నానే! పిచ్చుక చేతికి చిన్న అద్దం ఇచ్చారు. దాని చేతులకి పెద్దవాళ్ళ చేతితొడుగులు, వేళ్ళు వేలాడుతున్నాయి. నా నోట్లోకి తొంగిచూస్తూ లెక్కపెడుతోంది. ఒకచోట ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఇక్కడెవరూ లేరే. ఎవరు పోయారు?"

నా దవడ పన్ను ఎప్పుడో పోయింది కదా. నోట్లో అద్దం పెట్టుకుని ఏం మాట్లాడను? అద్దం తీసింది.

"ఎవరో పోయారమ్మా" అన్నాను.

"నొప్పేసిందా?"

"వేసింది." అబద్ధం చెప్పొద్దన్నారుగా. "చాలా వేసింది. తర్వాత తగ్గింది."

"ఖాళీగానే ఉందిగా!"

"ఖాళీ ఖాళీగానే ఉంటుందే. అప్పుడప్పుడు నాలుక వెళ్ళి తడుముకుని వస్తుంది. అయినా తింటున్నాను, నీతో మాట్లాడుతున్నాను, నీ జడ వేస్తున్నాను. చూస్తున్నావుగా."

చాలాసేపు చూసింది. వేలు పెట్టి ఆ ఖాళీని తడిమింది కూడా. తర్వాత అద్దం ఇచ్చేసి, చెప్పులు విప్పి, నన్ను జరగమని నా ఒళ్ళోకే ఎక్కి పడుకుంది.

సూది వేస్తుంటే మధ్యలో ఒకసారి చెయ్యెత్తింది. అందరం ఆగాం. "చీమ" అంది. చీమ పోయేదాకా ఆగాం. తనే చెయ్యి దించింది. అది ఏడవలేదు చెల్లీ. ఏడ్చింది నేను.

దూది కొరికిపట్టుకునే అడిగింది, మళ్ళీ వస్తుందా అని. వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, బాగా చూసుకుంటే ముసలిదానివయ్యేదాకా ఉంటుంది అని చెప్పింది డాక్టరమ్మ.

ఇంటికి నడిచొస్తున్నాం. నా వేలు పట్టుకుని లాగింది. మాట సరిగ్గా రావడం లేదు, సగం నోటితో అంది.

"కొత్తదానికి అమ్మ పేరొద్దు. పోనివాళ్ళ పేరు పెడదాం."

"పోనివాళ్ళెవరే?"

"నువ్వు."

తప్పమ్మా, అది అమ్మ చోటు, అమ్మ పేరే ఉండాలి అనాలి కదా నేను? అక్కనై ఉండి అనాలా వద్దా?

అనలేదే. నువ్వు పోయినచోట నన్ను పెడుతోంటే, నడిరోడ్డు మీద నిలబడి నవ్వాను. చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయాను. నా నోట్లో ఖాళీ అంతా దారినపోయేవాళ్ళకి కనపడేలా నవ్వాను.

చెప్పేశాను. ఇక నువ్వు తిట్టుకుంటావో, అలాగే నవ్వుతూ కూర్చుంటావో నీ ఇష్టం. నీ పన్ను నీ దగ్గరే పెడుతున్నాను.

ఉండు, దీని పెదవి పళ్ళ లోపలికి పోతోంది.