చూడకుండా చెప్పిన మాట

ఇబ్రహీంపట్నం కోర్టు ఎదుట తన ఆఫీసులో వకీలమ్మ కంప్యూటర్ తెరను ఎదుటి కుర్చీలో ఉన్నామె వైపు తిప్పింది. ఆమె భర్త కొండల్ గల్ఫ్ జైల్లో ఉన్నాడు.

"గిది విదేశీ చట్టాలు దొరికే సైటు, చెల్లె. ఆ దేశానికి, మనకు ఒప్పందం ఉన్నది. అక్కడ శిక్ష పడ్డోళ్లు మిగిలిన శిక్ష ఇక్కడి జైల్ల ఉండొచ్చు."

"అంటే ఆయన్ని చర్లపల్లి జైలుకు తేవచ్చునా?"

"తేవచ్చు. కానీ ఇంక ఆర్నెల్ల శిక్షన్న మిగిలుండాలె."

"ఆయనకు నాలుగు నెలలే ఉన్నది గద! రెండేండ్ల కింద నేనడిగితే అసొంటి చట్టమే లేదంటివి."

"అవ్. వెతకకుండనే చెప్పిన. అప్పుడు గూడ ఇది ఈ సైట్లనే ఉన్నది."

"మా అత్తమ్మ పోయిన ఎండకాలం సచ్చిపోయింది, అక్కా. కొడుకును ఒక్కసారి చూపియ్యమని నా చెయ్యి పట్టుకొని అడిగింది. చర్లపల్లయితే బస్సెక్కించి తీస్కపోయేదాన్ని."

వకీలమ్మకు తలెత్తబుద్ధి కాలేదు.

"తప్పు నాదే, చెల్లె."

కొండల్ భార్య కొంగుతో కళ్లు తుడుచుకొని లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"కోహెడల ఒకామె ఉన్నది. ఆమె పెనిమిటి గూడ అదే జైల్ల ఉన్నడు. ఆయనకు ఇంక ఆరేండ్లున్నది. రేపు తోల్కొస్త. ఆమెకన్న చూసి చెప్పు."