ట్యాంకు మీద చోటు

ఇంటి ముందు మోటార్‌సైకిల్. దాని మీద తాత, ఆయన ముందు ట్యాంకు మీద బడికెళ్ళాల్సిన మనవరాలు, పక్కన డ్యూటీకి ఆలస్యమవుతున్న కూతురు. ముగ్గురిలో ఒక్కరూ పట్టిన పట్టు వదిలే రకం కాదు.

"దించు నాన్నా. దాన్ని ట్యాంకు మీంచి దించమంటున్నానా!"

"ఎందుకే? రోజూ అక్కడేగా కూర్చుంటుంది. ఏం పిట్టా?"

"అవును తాతా. ఇది నా చోటు."

"నీ చోటూ లేదు, నా చోటూ లేదు. దిగు పిట్టా. ఇవాళ్టినుంచి వెనకే. బెల్టు తెచ్చాను, చిన్న హెల్మెట్ తెచ్చాను. చూడు, దాని మీద ఏనుగు బొమ్మ కూడా ఉంది."

"హెల్మెట్ పెట్టుకుంటా. వెనక మాత్రం కూర్చోను."

"విన్నావుగా అమ్మాయ్. పిల్లే వద్దంటుంటే ఇంకేముంది? బడికి టైమవుతోంది, అడ్డు లే."

"లేవను. ముందు నా మాట విను."

"రోజూ వింటూనే ఉన్నా కదే! జారితే కాలు, పడితే చెయ్యి. ఎముకల వార్డులో నర్సువై కూర్చున్నావు, నీ కంటికి మనుషులు ఆనరు, కట్లే ఆనుతాయి."

"నిన్న ఒక పిల్లాణ్ణి తెచ్చారు నాన్నా. దీని ఈడే. వాళ్ళ నాన్న ఇలాగే ముందు కూర్చోబెట్టుకున్నాడు. కుక్క అడ్డమొచ్చిందని బ్రేకు కొట్టాడు. పిల్లాడి మొహం వెళ్ళి హ్యాండిల్‌కి కొట్టుకుంది. వెనకనుంచి తండ్రి బరువంతా వాడి మీదే పడింది. తండ్రికి చిన్న గీత కూడా లేదు. వరండాలో తల బాదుకుంటున్నాడు."

"అయ్యయ్యో... బతికాడా?"

"బతికాడు. దవడకి తీగ కట్టారు. పాలు కూడా స్ట్రాతోనే తాగుతున్నాడు."

"ఆ తండ్రికి నడపడం రాక అలా జరిగింది. నేను జుట్టు నెరిసేదాకా బస్సు నడిపినవాణ్ణి."

"నడిపావు. ఎవరినైనా స్టీరింగు మీద కూర్చోబెట్టుకుని నడిపావా?"

"మాటకి మాట బాగానే నేర్చావు."

"నీ కూతుర్నేగా. ఇలా తిరుగు. ఈ పట్టీ నీ నడుముకి, ఈ రెండూ దాని భుజాలకి. ఊఁ, క్లిప్పు పెట్టుకో."

"ఏదీ?"

"ఎదురుగానే ఉంది కదా."

"ఎక్కడే... ఈ కాలం సామాన్లన్నీ నలుపు మీద నలుపు. నీ సరుకు నువ్వే పెట్టుకో."

"అంటే ఒప్పుకున్నట్టేగా?"

"ఎవరన్నారు? వెనక కూర్చుంటే నిద్రపోతుంది. నాకు తెలియకుండా ఒరిగిపోతుంది."

"ఒరగకుండా ఉండటానికే బెల్టు."

"కాళ్ళు చక్రంలో పెడుతుంది."

"చక్రానికి జాలీ వేయించాను. కాళ్ళు ఆనేలా మెకానిక్ చేత ఫుట్‌రెస్టులు పైకి బిగింపించాను. ఇంకా?"

"ఎండ."

"ముందు కూర్చుంటే ఎండ తగలదా?"

"మెల్లగానే పోతానే. అంత మెల్లగా ఇంకెవరూ పోరు."

"తెలుసు. 'మీ నాన్న బండిని సైకిళ్ళు దాటిపోతున్నాయి' అని ఎదురింటి టైలరు నవ్వుతున్నాడు. ఎంత మెల్లగా పోయినా బ్రేకు బ్రేకే నాన్నా. నా చిన్నప్పుడు చెయ్యి పట్టుకుంటే తప్ప రోడ్డు దాటనిచ్చేవాడివి కాదు. ఆ మనిషివి నువ్వేనా?"

"నేనే. ఎందుకు కాను?"

"మరి ఎందుకీ మంకుపట్టు?"

"నాకు... దాన్ని ముందు పెట్టుకుంటేనే ధైర్యం."

"నీ ధైర్యం కోసం దాని పళ్ళు రాలాలా?"

"పొద్దున్నే ఏం మాటలే అవి! నోరు కడుక్కో!"

"సరే, అనను. నీతో పంపనూ పంపను. స్కూలు వ్యాను డ్రైవర్‌తో ఇప్పుడే మాట్లాడతాను."

"వ్యానొద్దమ్మా! తాతే కావాలి!"

"నువ్వుండు పిట్టా."

"వ్యానెందుకు? నేను చచ్చానా?"

"చావకుండానే, చక్కగా వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళమంటున్నాను."

"అమ్మాయ్... మీ అమ్మ పోయాక ఈ ఇంట్లో నాకు మిగిలిన పని ఇదొక్కటే. మీ ఆయన ఫ్యాక్టరీకి పోతాడు, నువ్వు ఆస్పత్రికి పోతావు. ఇదొచ్చి 'తాతా, బండి తియ్యి' అంటేనే నాకు తెల్లారినట్టు ఉంటుంది. ఇది కూడా లాగేసుకుంటే ఇంక మూలన మూటలా పడుండాలి నేను."

"ఎవరు లాగేసుకుంటున్నారు నాన్నా? నీ పని నీదే. దాని చోటొక్కటే మార్చమంటున్నాను. నాకు అదీ కావాలి, నువ్వూ కావాలి. నువ్వు ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది."

"ఏడవట్లేదు. కంట్లో ఏదో పడింది."

"ఏదీ, నన్ను చూడనీ."

"వద్దొద్దు. పోయింది."

"మరి వెనకేనా?"

"బడికి టైమవుతోందే."

"నాన్నా, నిన్నే. వెనకా, వ్యానా?"

"కానియ్. వెనకే."

"మా నాన్న బంగారం. రా పిట్టా. కాళ్ళు ఇక్కడ. చేతులు తాత నడుం చుట్టూ. ఇంకా గట్టిగా. తల ఊపు చూద్దాం, హెల్మెట్ కదులుతోందా? లేదు. చూశావా నాన్నా, ఇంతోటి దానికి ఎంత రభస చేశావో!"

"ఊఁ."

"స్టార్ట్ చేశావుగా, కదులు మరి."

"వెళ్తున్నానే. ఆ... ఇటునుంచి ఏమైనా వస్తోందా?"

"ఏం రావట్లేదు. రోడ్డంతా ఖాళీ."

"నువ్వూ మాతో పాటు నడిచి రారాదూ, ఆ మలుపు దాకా?"

"నా బస్సు అటువైపు కదా. ఏంటి నాన్నా, ఇవాళ కొత్తగా మాట్లాడుతున్నావు? ఇంకా క్లచ్చు వదలవేం?"

"వదులుతానే. బండి వేడెక్కాలి కదా."

"అమ్మా..."

"ఏంటి పిట్టా? బెల్టు నొక్కుతోందా?"

"కాదు. ఇక్కడ్నించి తాత వీపు తప్ప నాకేం కనిపించట్లేదు."

"నీకు కనిపించకపోతే ఏమైందే? నడిపేది తాత. తాతకి కనిపిస్తే చాలు."

"పిట్టా, ఊరుకోమ్మా. వెళ్దాం పద..."

"తాతకి కనిపించదు కదమ్మా! బస్సొస్తోంది తాతా, గుంటుంది తాతా, ఎర్ర లైటు పడింది తాతా అని ముందు కూర్చుని రోజూ నేనేగా చెప్పేది!"