పీల్చు, వదులు

నాకు ఊపిరి పీల్చడం నేర్పారే రిబ్కా. అరవై తొమ్మిదేళ్ళ మనిషికి. ముప్ఫై నాలుగేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసిన ఈ వరప్రసాదానికి. విన్నావా?

నవ్వకు. నువ్వు నవ్వుతావని తెలిసే రెండు నెలలుగా నీ సమాధి దగ్గరకి రాలేదు. కాదులే, అందుకు కాదు. చెప్తా ఉండు. ముందు ఈ గడ్డి పీకనీ. మన బాపట్లలో నాలుగు చినుకులు పడితే చాలు, మోకాలెత్తు లేస్తుంది.

ఇదంతా మన బ్లెస్సీ పని. నువ్వు పోయాక నాకు నిద్ర లేదుగా. కుక్కర్ కూతేస్తే ఉలిక్కిపడేవాణ్ణి. అన్నం ముందు కూర్చుంటే గుండె దడ. "నువ్విట్టా అయిపోతే నేనేం కావాలి నాన్నా" అని ఏడ్చి, తెనాలిలో శశిధర్ అని, మనసు డాక్టరు, ఆయన దగ్గర చేర్చింది. వారానికోసారి, ఎనిమిది వారాలు. మైండ్‌ఫుల్‌నెస్ అంట. ప్రార్థన ఉండగా ఇదేంటని ఎగిరాను. "ప్రార్థన మానమన్నానా మాస్టారూ? ఇది కూడా చెయ్యండి" అన్నాడు.

మెదడులో గంట లాంటిది ఒకటి ఉంటుందట. ప్రమాదమొస్తే మోగుతుందట. అయినవాళ్ళు పోతే కొందరికి అది ఆగకుండా మోగుతూనే ఉంటుందట. రోజూ కాసేపు కూర్చుని ఊపిరిని గమనించుకుంటే ఆ మోత నెమ్మదిస్తుందట. "బాధ పోదు మాస్టారూ, కాకపోతే బాధ పక్కన కూర్చోగలుగుతారు" అన్నాడు.

సరేనని కూర్చున్నా. ఊపిరి ఎలా వస్తే అలా రానివ్వండి, లెక్కపెట్టకండి, దానికి ఆర్డర్లు వెయ్యకండి, ఊరికే చూడండి అంటాడు. నావల్ల అయ్యే పనా అది? జన్మంతా ఆర్డర్లే కదా మనం వేసింది. పరిగెత్తి పరిగెత్తి డొక్క పట్టుకుని కూలబడ్డ ప్రతి పిల్లాడికీ నా వైద్యం ఒకటే. నడుం మీద చేతులు పెట్టు. పీల్చు, ఒకటి రెండు మూడు నాలుగు. వదులు. లే, పరిగెత్తు.

నాలుగో వారానికి కుదిరింది. దానంతటదే వచ్చి పోతోంది. ఆ రోజు ఇంటికొచ్చి తెల్లారేదాకా నిద్రపోయానే. లేచి చూసుకుంటే నీ దిండు నా కాళ్ళ దగ్గర ఉంది. ఎప్పుడు తన్నేశానో. సిగ్గేసింది. నువ్వు పోయి పద్నాలుగు నెలలు కాలేదు, ఈ మనిషికి నిద్రెలా పట్టిందనుకోవూ?

అక్కడితో ఆగినా బాగుండేది. ఆరో వారం, గుర్తొచ్చినదాన్ని తోసెయ్యకండి, ఎలా ఉందో అలాగే చూడండి అన్నాడు. చూశాను. గంట ఆగింది కదా, అంతా నెమ్మదిగా, వరసగా కనపడింది.

నేనందరికీ ఏం చెప్పాను? రేపల్లె రైల్లో నా భుజం మీద తల ఆనించి నిద్రలోనే పోయిందని. భూస్థాపన నాడు చర్చి అయ్యగారు కూడా అదే చెప్పి, ధన్యురాలు అన్నారు. ఈ రాయి మీద నేనే చెక్కించాను, ప్రభువునందు నిద్రించెను అని. చెప్పీ చెప్పీ నేనూ నమ్మేశాను.

నువ్వు నిద్రపోలేదు.

తెనాలిలో రైలు మారేటప్పుడే చెప్పావు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడి, "ఏవండీ, గుండెల్లో పట్టేసినట్టుంది, ఇక్కడే ఎవరికైనా చూపించుకుందాం" అన్నావు. తెనాలి నిండా డాక్టర్లే. నేనేమన్నాను? పొద్దున తిన్న గారెలు, గ్యాసు అన్నాను. రేపల్లెలో నా పాత శిష్యులు నాకు సన్మానం పెట్టుకున్నారు కదా, పదకొండింటికి. ఆ రైలు తప్పితే అంతే సంగతులు. నా ప్రాణమంతా ఆ శాలువా మీదుంది.

ఎక్కించాను. ఇంకో రెండుసార్లు అన్నావు, దిగిపోదామండీ అని. నీ ఎదురుగా నిలబడి డ్రిల్లు చేయించానే నీ చేత. పీల్చు, ఒకటి రెండు మూడు నాలుగు. వదులు. చెప్పినట్టే చేశావు, పిచ్చిదానా. నా మొహంలోకి చూస్తూ చేశావు. నలభై రెండేళ్ళలో నా మాట కాదన్నావా ఎప్పుడైనా? ఆఖరిసారి మూడు దగ్గర నీ ఊపిరి ఆగిపోయింది. నేను నాలుగు కూడా అన్నాను.

ఆ శాలువా ఆ పిల్లలే పట్టుకొచ్చి నీ పెట్టె మీద కప్పారు.

బ్లెస్సీకి చెప్పలేదు ఇదంతా. డాక్టరుకీ చెప్పలేదు. ఎలా ఉంది మాస్టారూ అంటే, బాగుందండి అన్నాను. క్లాసులు అయిపోయాయి. అయినా రోజూ పొద్దున్నే కూర్చుంటున్నా. కూర్చుంటే నువ్వొస్తావు, అదే రైల్లో, అలాగే చూస్తూ. గుండె దడ లేదు. ఆ గంట మోగుతున్నప్పుడే నయమేమో, నీ కోసం నాలో ఏదో కొట్టుకుంటోందని అనుకునేవాణ్ణి.

రాత్రి కూడా ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను రిబ్కా. అది చెప్పి పోదామనే వచ్చాను.