మూడో లోడు

బంగాళాదుంప తొక్కలు పులియబెట్టి యాసిడ్ తీసే షెడ్డులో వదిన తొట్టిలోకి సుద్దపొడి వేస్తోంది. మొగుడి మీద అలిగి పొద్దున్నే వచ్చేసిన ఆడపడుచు పక్కనే మూతి ముడుచుకుని కూర్చుంది.

"ఆ సుద్ద ఎందుకు వదినా?"

"పులుపు మరీ ఎక్కువైతే, దాన్ని తయారుచేసే క్రిములే చచ్చిపోతాయి. అందుకే మధ్యమధ్యలో కాస్త తగ్గిస్తుండాలి."

"నన్నేగా అంటున్నావు?"

"నిన్నెందుకంటాను తల్లీ! నువ్వు పులిసింది ఈ ఒక్క పూటేగా."

"ఆయనొచ్చి పిలిచేదాకా నేను కదలను."

"చిప్స్ ఫ్యాక్టరీ నుంచి తొక్కలు తోలేది మీ ఆయనేగా. రోజూ ఒక్క లోడు తెచ్చే మనిషి, ఇవాళ అప్పుడే రెండు తెచ్చాడు."

"తెస్తే? దించేసి, తలైనా ఎత్తకుండా పోయాడు."

"అదిగో, మూడోది వచ్చింది. వెళ్ళి దింపించు. నాకు చేతులు ఖాళీ లేవు."

మూతి మూడు వంకర్లు తిప్పుకుంటూ వెళ్ళిన ఆడపడుచు, ఒక బస్తా విప్పి చూసి అక్కడి నుంచే కేకేసింది.

"వదినా! ఇవి తొక్కలు కావు, నిక్షేపంలాంటి దుంపలు!"

"ఫ్యాక్టరీలో తొక్కలు అయిపోయుంటాయి, పాపం. బజార్లో కొనుక్కొచ్చాడు."

"ఇప్పుడు వీటినేం చేయను?"

"గూట్లో రెండు కత్తులున్నాయి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చెక్కు తీయండి."