వాన పడ్డాక చూద్దాం

1991 జూలై 8వ తేదీన గృహరుణాల శాఖలో గుమాస్తాగా అడుగుపెట్టిన మా మేడమ్‌గారు, ఈ నెలాఖరున ప్రధాన తనిఖీ అధికారిణిగా పదవీ విరమణ చేయుచున్నారు. ఉద్యోగుల సంఘం కార్యదర్శిగా నాకు నినాదాలు రాయడం వచ్చు, పొగడ్తలు రావు. ఈ మనిషి విషయంలో ఉన్నమాట రాస్తే చాలు.

తొలి సంవత్సరాలలో వారు దస్తావేజులు సరిచూసే బల్ల దగ్గర పనిచేశారు. పత్రాలన్నీ సక్రమంగా ఉన్నా ఇల్లు నిలవని నేలలుంటాయని అక్కడే గ్రహించి, క్షేత్ర తనిఖీకి తామే అడిగి మారారు. అప్పటినుంచీ అదే పద్ధతి: అమ్మేవాడి కారెక్కరు, వాన పడ్డాకే వెళ్తారు, పక్కింట్లో మంచినీళ్లడిగి తాగుతూ మాట కలుపుతారు. దళారులు పెట్టిన పేరు 'వాన మేడమ్'.

ఎండాకాలంలో ఫైళ్లు పేరుకుపోయేవి. ఓసారి నిలదీద్దామని వారి గదిలోకి దూసుకెళ్లాను. అప్పటికే అక్కడ వారి సొంత అన్నగారు ఉన్నారు. ఉన్న ఒక్క ఇల్లూ అమ్మి ఊరిచివర స్థలం కొనబోతూ, చెల్లెలి 'సరే' కోసం వచ్చారు.

"సొంత అన్న మీద నమ్మకం లేదటే?"

"నీ మీద బోలెడు నమ్మకం అన్నయ్యా. ఆ నేలతోనే ఇంకా పరిచయం కాలేదు. వాన పడ్డాక చూద్దాం."

"ఈలోగా ఎవడో ఎగరేసుకుపోతాడు!"

"పాపం, వాడికీ ఓ చెల్లెలుంటే బాగుణ్ణు."

నేను బల్ల గుద్దాను. "వానని నమ్ముకుని ఆఫీసు నడుపుతామా మేడమ్?"

"కార్యదర్శిగారూ, మీకు అరవడం బాగా వచ్చు. గొడుగు పట్టుకోవడం వచ్చా?"

వాన పడింది. ముగ్గురం ఒకే గొడుగు కింద వెళ్లాం. స్థలం ఉండాల్సిన చోట మోకాలిలోతు నీళ్లు, వాటిలోంచి తలలెత్తిన రంగుల హద్దురాళ్లు. పక్కింటి పెద్దావిడ మంచినీళ్లిస్తూ, "దీన్నా కొంటున్నారు? వానొస్తే వీధి నీళ్లన్నీ ఇందులోకే నాయనా! కొన్నవాళ్లెవరూ గోడ లేపలేదు, ఇంకొకరికి అంటగట్టడమే" అంది.

అన్నగారు వెనక్కి అడుగు వేయబోతే చెప్పు బురదలో ఉండిపోయింది.

"చెప్పు పోయిందే."

"చెప్పుతో పోయింది. పద అన్నయ్యా."

తిరుగుదారిలో ఆయన చెల్లెలి భుజం పట్టుకుని ఒంటిచెప్పుతో నడిచారు. ఆ కుటుంబం నేటికీ తమ పాత ఇంట్లోనే, పొడిగా ఉంది.

ఆపైన మా సంఘం ఫైళ్ల ఆలస్యం మీద కాదు, తనిఖీకి అదనపు సిబ్బంది కావాలని ధర్నా చేసింది. సాధించింది. వచ్చిన కొత్తవారందరికీ మేడమ్‌గారే గురువు. ఇవాళ వాళ్లు కూడా అమ్మేవాడి కారెక్కరు.

ఇప్పుడు మేడమ్‌గారు తమకోసం ఓ చిన్న ఇల్లు వెతుకుతున్నారు. దళారుల ఫోన్లకు అదే జవాబు చెబుతున్నారు. వారి మోకాళ్లు గట్టిగా, చూపు చురుగ్గా, మాట ఇంతే నిక్కచ్చిగా ఉండి, ఆ ఇంటి గడపలో నిలబడి ఎన్నెన్నో వానలు హాయిగా చూడాలని మా అందరి ఆకాంక్ష. ఇల్లు చూడ్డానికి వెళ్లేరోజు కబురు పెట్టండి మేడమ్‌గారూ. గొడుగు నేను పడతాను.